ఫ్యాన్ ఆపి తీసిన కాపీ

మీకు,

నిన్న మీ సంవత్సరీకం అయింది. మన పెళ్లి క్యాసెట్‌కు బూజు పడుతోందని ఇవాళ మీ తమ్ముడు జహీరాబాద్ బజార్లో ఇంకో వీసీఆర్ కిరాయికి తెచ్చి, మన దానికి వైర్లు కలిపి కాపీ తీశాడు. మీరు కదిలే బొమ్మ అదొక్కటే కదా.

"కాపీ అయ్యేదాక ఎవ్వలు నోరు తెర్వొద్దు. మన మాటలు గూడ అండ్ల పడ్తయి," అంది అత్తమ్మ. రేడియో ముందు టేప్‌రికార్డర్ పెట్టి పాటలు పట్టుకున్న ఇల్లు మనది, అందరం నమ్మాం. తలుపులు వేశారు. చప్పుడవుతుందని ఫ్యాన్ కూడా ఆపారు. బొంబాయి రోడ్డు మీద లారీ హారన్ కొడితే అత్తమ్మ పళ్లు కొరికింది. ఆమెకూ గోడకూ మధ్య ఇరుక్కున్నాను. లేవడానికి లేదు, ముక్కు ఎగబీల్చడానికి లేదు. మీరేమో తెర మీద నవ్వుతూనే ఉన్నారు. కోపం వచ్చింది.

చివర్లో ఈ ఇంటి గడప వచ్చింది. మీ అక్క చేయి అడ్డం పెట్టి, "మా తమ్ముని పేరు చెప్తెనే లోపలికి పోనిస్త," అంటోంది. నేను తల వంచుకుని నిలబడ్డాను. అక్కడికి క్యాసెట్ అయిపోతుంది. ఆ రోజు ఆ తర్వాత మీరే, "పోనియ్యక్కా, సిగ్గుపడ్తున్నది," అన్నారు. మొగుడి పేరు పలకకూడదంటారని, మీ పేరు నేను ఎన్నడూ పలకలేదు.

కాపీలోనైనా ఉండాలని, ఆ ఉక్కలో, అందరి మధ్య మీ పేరు అన్నాను. అత్తమ్మ తిరిగి చూసింది.

సాయంత్రం కాపీ వేసి చూశాం. వైరులో వచ్చిందే పడుతుందట. లారీ హారన్ లేదు, నా మాటా లేదు. ఇప్పుడు రెండు క్యాసెట్లలోనూ నేను గడప బయటే నిలబడి ఉన్నాను.