ఆధారం లేని వాక్యం

కవిటి మండలం,
ఆగస్టు 2008

బావా,

నేను రాసిన వాక్యాన్ని నువ్వు మళ్లీ చెరిపేశావు. కాగితం మీదయితే చెరపలేవని ఈ ఉత్తరం రాస్తున్నాను.

నలుగురూ కలిసి రాసే ఆ ఇంటర్నెట్ విజ్ఞాన సర్వస్వంలో మన ఊరి పేజీకి కొబ్బరితోటల గురించి రాశాను, జీడితోటల గురించి రాశాను. నిర్వాహకుడివైన నువ్వు ఏమీ అనలేదు. "ఇంటింటా కిడ్నీ జబ్బు ఉండటంతో ఇక్కడ సంబంధం మాట్లాడేటప్పుడు జాతకం కంటే ముందు పిల్ల కిడ్నీ రిపోర్టు అడుగుతారు" అన్న ఒక్క వాక్యానికి మాత్రం ఆధారం కావాలన్నావు. ఊరంతా చెబుతుందంటే, నోటిమాట చెల్లదు, పత్రికలో అచ్చయి ఉండాలన్నావు. సరేనని బస్సెక్కి టెక్కలి వెళ్లి విలేకరిని బతిమాలాను. "ముందు ఇంటర్నెట్టులో ఉన్నట్టు సూపించండి, అప్పుడు రాత్తాను" అన్నాడాయన. మీ ఇద్దరి మధ్య ఎన్నిసార్లు తిరగను?

నిన్న నా పేరు కింద "సొంత అభిప్రాయాలు రాయవద్దు" అని హెచ్చరిక కూడా పెట్టావు. అది చదివి వినిపిస్తే నీ చెల్లెలు సుభద్ర వంటింట్లోంచి బయటికొచ్చింది.

"మా అన్నకి ఆధారం కావాలటేటి? ఈ మంచమ్మీద కూకోని రిపోర్టు అడిగింది ఆయనే గదా!" అంది.

మొన్న వేసవిలో మా కుసుమను మీ ధనుంజయ్‌కి చేసుకుంటానని వచ్చావు. సొంత మేనకోడలి జాతకం పక్కన పెట్టి రిపోర్టు తెమ్మన్నావు. అది చూశాక సంబంధం మాట మళ్లీ ఎత్తలేదు. మేమూ అడగలేదు.

ఆ వాక్యం తిరిగి పెట్టు బావా. ఆధారం అన్నచోట నీ పేరు రాయి.

ఇట్లు,
కుసుమ నాన్న