కథ చెప్పేవాళ్ళ సాలు

నాగమణీ,

నీ సంవత్సరీకం అయిన మర్నాడే హైదరాబాదు బస్సెక్కి ఫిలింనగర్ చూసొచ్చాను. “ఒక్కసారి వెళ్దాం అక్కా” అని నువ్వు అడిగినప్పుడల్లా నిన్ను గుడికే తీసుకెళ్ళాను. నువ్వు ఒక్కసారీ కాదనలేదు. అదే ఇప్పుడు నన్ను బాధపెడుతోంది.

పెద్ద పెద్ద గేట్ల ముందు జనం ఫోన్లు పట్టుకుని నిలబడ్డారు. నటులెవరూ కనపడలేదు. ఒక స్టూడియోలో గుడి సెట్టు వేసి ఉంది. అలవాటుగా చెప్పులు విడిచి దణ్ణం పెట్టుకున్నాను. స్టూడియో చూపించే అతను నవ్వాడు.

“అమ్మా, అది అట్టముక్కల గుడండీ. లోపల దేవుడు లేడు.”

“పర్లేదు బాబూ, ఇది మా చెల్లెలి గుడి” అన్నాను.

ఇవాళ మిరపకోతకు వెళ్ళాను. ఒక్కొక్కరికి ఒక్కో మొక్కల సాలు ఇచ్చారు. సినిమా కథ చెప్పేవాళ్ళ సాలు పక్కవాళ్ళు కోసిపెట్టడం మన కూలీల ముఠాలో అలవాటు కదా. నీ సాలు ఎప్పుడూ నేనే కోసేదాన్ని. నువ్వు పోయాక ఎవరూ కథ చెప్పడం లేదు. అందరం మాట్లాడకుండా కోసుకుంటున్నాం.

పక్క సాలు నుంచి కోటమ్మ ఉండబట్టలేక అడిగింది. “ఏమే భక్తురాలా, సినిమా ఊరు చూసొచ్చావంటగా! నోట్లోంచి ముత్యాలేమన్నా రాలతాయా, చెప్పవే!”

నీలా చెప్పడం నాకు రాదు. గేట్ల దగ్గర మొదలుపెట్టాను. చెప్పులు విడిచిన మాట చెప్పేసరికి అందరూ పడీపడీ నవ్వారు. అలా నవ్వి ఏడాదైంది. అతనితో నేను అన్న మాట కూడా చెప్పాను.

అంతా చెప్పి వంగి చూస్తే, నా సాల్లో చివరిదాకా ఒక్క పండుకాయ కూడా లేదు.

అక్క