కార్డు ప్రకారం మీ బావ లేరు

తమ్ముడికి అక్క ఆశీస్సులు.

దేవుడి దయ వల్ల ఇద్దరం కులాసా. ఫోన్లో చెబుదామంటే మీ బావ పక్కనే కూర్చుని స్పీకర్ పెట్టమంటారు. సంగతేమో ఆయన చావు గురించి. అందుకే ఇన్నాళ్ళకి కలం పట్టుకున్నాను.

నువ్వు ట్రైనింగ్ ఇచ్చే కుర్రాళ్ళు రేపు నిజం బ్యాంకులకు వెళ్ళి పాత కంప్యూటర్లు మార్పించాలట. ముందు మా ఊళ్ళోని మీ ఆఫీసు మూడో అంతస్తులో, ఉత్తుత్తి బ్యాంకులో సాధన చేస్తారట. వాళ్ళ ముందు నేను ఛైర్మన్ భార్యగా కూర్చుంటే చాలన్నావు. సరేనన్నాను. ఈరోజు నా వేషం ఏమిటో రాసిన నీ కార్డు వచ్చింది. రెండో వాక్యం ఏమిట్రా? "మీ భర్త ఈమధ్యే కన్నుమూశారు. ఆ కుర్చీలో ఇప్పుడు మీరున్నారు."

ఆయన వరండాలో పేపరు చదువుతుంటే, నేను లోపల కూర్చుని ఆ ముక్క బట్టీ పట్టాలా? పైన తథాస్తు అనేవాళ్ళుంటారు. ఊరెళ్ళారని మార్చరాదూ?

ఇట్లు, అక్క

తా.క. కార్డు ఇంట్లోకి వచ్చినప్పటి నుంచి ఆయన తుమ్ముతున్నారు.

*

అక్కకి నమస్కారాలు.

పోయింది ఛైర్మన్, బావ కాదు. ఆట అంతా ఆ చావు మీదే నడుస్తుంది. పాత కంప్యూటర్ల గుట్టు తెలిసిన మనిషి పోయాడు. పోతూ నీకొక్క మాట చెప్పాడు: "అన్ని బ్రాంచీల్లో ఒకేసారి మార్చొద్దు." పిల్లలు నీతో మెత్తగా మాట్లాడి ఆ మాట రాబట్టాలి. అడిగితేనే చెప్పు, అడక్కపోతే నోరు మెదపకు.

ఈ నెల ఆఖరి శుక్రవారం ఒక నిజం బ్యాంకు వాళ్ళు చూడ్డానికి వస్తున్నారు. నచ్చితే వాళ్ళ మనుషుల్ని మా దగ్గరికే పంపుతారు. నచ్చకపోతే మా విభాగం మూసేస్తారు, నా ఉద్యోగం గోవిందా. నేనేమో ఈ ఊరి సెంటరు వదిలి అక్కడికి రాలేను. అంతా నీ చేతుల్లో ఉంది.

నీ తమ్ముడు

తా.క. బావ తుమ్ములు నాకు ఊహ తెలిసినప్పటి నుంచీ ఉన్నాయి. వాటిని నా కార్డుకి అంటగట్టకు.

*

తమ్ముడికి అక్క ఆశీస్సులు.

వెళ్ళాను. అద్దాల కౌంటర్లు, నంబర్లు పిలిచే పెట్టె, గొలుసుతో కట్టేసిన పెన్ను, అన్నీ ఉన్నాయి. డబ్బు ఒక్కటే లేదు. నాకు తిరిగే కుర్చీ ఇచ్చారు. తిరగకుండా కూర్చోవడానికే సగం ఓపిక అయిపోయింది.

టై కట్టుకున్న అబ్బాయి, కళ్ళజోడు అమ్మాయి వచ్చారు. "ఛైర్మన్‌గారి గురించి చెప్పండి మేడమ్" అన్నాడు అబ్బాయి. దేవుణ్ణి తలుచుకుని నోరు తెరిచాను. నాలుక తిరగలేదురా.

"ఊరెళ్ళారు బాబూ."

"ఎప్పుడొస్తారు?"

"దేవుడు చల్లగా చూస్తే శుక్రవారం."

"హమ్మయ్య! అయితే ఆయన్నే అడుగుతాం. మిమ్మల్నెందుకు ఇబ్బంది పెట్టడం?" అని ల్యాప్‌టాప్ మూసేశాడు. నేను దగ్గాను, మంచినీళ్ళు ఇచ్చాను, "ఇంకేమైనా అడగండి నాయనా" అని బతిమాలాను. థాంక్యూ చెప్పి వెళ్ళిపోయారు.

ఇట్లు, అక్క

తా.క. ఊరెళ్ళిన ఛైర్మన్‌కి ఆ పిల్లలు తిరుగు టికెట్ తీశారట. ఉత్తుత్తిదే అనుకుంటాను.

*

అక్కా,

నమస్కారాలు తర్వాత. కొంప ముంచావు! అందరూ చూసే రోజు అదే శుక్రవారం. ఆయన బతికుంటే నా ఉద్యోగం ఉండదు. గుండెపోటు అను, బస్సు బోల్తా పడిందను, ఎలా చేస్తావో నీ ఇష్టం. శుక్రవారంలోగా ఆయన పోవాలి. ఈసారి జాలి చూపించకు.

నీ తమ్ముడు

తా.క. ఈ ఉత్తరం బావ కంట పడనివ్వకు.

*

తమ్ముడికి అక్క ఆశీస్సులు.

నేను ప్రార్థనలో ఉండగా పోస్టు వచ్చింది. విప్పింది మీ బావ.

బయటికొచ్చేసరికి ఉత్తరం ఒళ్ళో పెట్టుకుని, కొయ్యబారి కూర్చున్నారు. కాఫీ ఇస్తే కప్పు వంక, నా వంక మార్చి మార్చి చూశారు. "ముందు నువ్వు తాగు" అన్నారు. ఇన్నేళ్ళ కాపురంలో నన్ను ముందు తాగమనడం ఇదే మొదలు. నేనేమో ప్రేమనుకుని తాగాను.

తర్వాత తా.క. చదివి వినిపించారు. కార్డు తెచ్చి మొత్తం చెప్పాను. ఆయన అటూ ఇటూ తిప్పి చూసి, "ఎలా పోయానో రాయలేదేం?" అన్నారు. "శుక్రవారం వస్తానని మాటిచ్చావుగా, వస్తాను. నేను బతికే ఉన్నానని మీ తమ్ముడికి తెలియాలి" అని రిటైర్మెంట్ రోజు కోటు ఇస్త్రీ చేసుకుంటున్నారు.

రిటైరైనా వాటర్ ఆఫీసుకి వెళ్ళి, ఏ వీధి వాల్వు ఎటు తిప్పాలో ఇప్పటికీ చెప్పొచ్చే మనిషి. ఛైర్మన్ అంటే ఊరుకుంటారా?

ఇట్లు, అక్క

తా.క. కోటు బొత్తాం పట్టడం లేదు. ఊపిరి బిగబడితే పడుతోంది.

*

అక్కా, కోటు దాచెయ్యి!

నీ తమ్ముడు

తా.క. ఆయన్ని కూడా.

*

తమ్ముడికి అక్క ఆశీస్సులు.

నీ చీటీ శనివారం చేరింది. శుక్రవారం జరిగింది విను.

నిజం బ్యాంకు వాళ్ళు వెనక వరసలో కూర్చున్నారు. మీ బావ తిరిగే కుర్చీలో కూర్చుని రెండు చుట్లు తిరిగారు. "ప్రయాణం బాగా జరిగిందా సార్?" అంటే "ఏ ప్రయాణం?" అన్నారు. టై అబ్బాయి గోడ మీద బొమ్మలేసి కొత్త కంప్యూటర్ల గొప్ప చెప్పాడు. "పాతవాటికేం రోగం?" అన్నారీయన. అబ్బాయి మళ్ళీ మొదటి నుంచి చెప్పాడు. ఈయన మళ్ళీ అదే అన్నారు. వెనక గుసగుసలు మొదలయ్యాయి. నీ ఉద్యోగం నా కళ్ళ ముందే నీరుకారిపోతోందనుకున్నాను.

అప్పుడు కళ్ళజోడు అమ్మాయి కుర్చీ దగ్గరికి జరుపుకుంది. "సార్, పాతవి తీసేస్తే మీకు దేనికి బెంగ?"

ఆయన కోటు బొత్తాం విప్పేశారు. "రేపటి నుంచి నన్నెవరూ ఏమీ అడగరమ్మా" అన్నారు.

అది ఏ కార్డులోనూ లేదురా. నేను కళ్ళొత్తుకున్నాను.

"అడుగుతాం సార్. ఒకేసారి తియ్యం. ఒక్కో బ్రాంచీ మారుస్తూ, ప్రతిచోటా ముందు మిమ్మల్నే అడుగుతాం" అంది ఆ పిల్ల. నువ్వు దాచమన్న మాట దానంతటదే బయటికొచ్చేసింది.

వెనక నుంచి ఒక నెరిసిన జుట్టావిడ లేచారు. "మా పాత పెద్దాయన కూడా రిటైరయ్యాక రోజూ ఆఫీసుకి వస్తారు. పోయినవాళ్ళతో చిక్కు లేదండీ, పోనివాళ్ళతోనే. మా వాళ్ళందరికీ ఈ ఆటే నేర్పండి" అన్నారు. నీ విభాగం నిలబడింది. కొబ్బరికాయంత బరువు దిగింది నా గుండెల మీంచి.

ఇకనుంచి ఛైర్మన్ మీ బావే. ముసలాయన ఒంటరైతే పిల్లలు ఇంకా మెత్తగా మాట్లాడటం నేర్చుకుంటారని, మీ ఆఫీసమ్మాయి అక్కడికక్కడే కొత్త కార్డు రాసిచ్చింది. రెండో వాక్యం: "మీ భార్య ఈమధ్యే కన్నుమూశారు."

నేను ఆయన ముఖం వంకే చూస్తున్నాను. ఆయన చదివారు. మడిచి జేబులో పెట్టుకున్నారు.

"సరే, ఎన్నింటికి రమ్మంటారు?" అన్నారు.

ఇట్లు, కార్డు ప్రకారం లేని నీ అక్క

తా.క. నిన్నటి నుంచి నేను తుమ్ముతున్నాను. ఆయన అద్దం ముందు నా కోసం ఏడవడం ప్రాక్టీసు చేస్తున్నారు. కన్నీళ్ళు రావడం లేదట, ఉల్లిపాయలు తరిగి పెట్టమన్నారు. తరుగుతూనే రాస్తున్నాను, అక్షరాలు అలుక్కుపోతే అందుకే. ఈ కాగితాలు దాచిపెట్టు, ఎవరికీ చూపించకు, ముఖ్యంగా మీ బావకి. చదివితే నవ్వొస్తుంది, ఆయనకిప్పుడు ఏడుపు కావాలి.