కూర్చునే ముందు ఒక చూపు

బావగారూ,

ఈసారి కుశలప్రశ్నలు అడగను. మన గూఢచారి సీరియల్‌లో తీయకుండా మిగిలిపోయిన ఎపిసోడ్ల స్క్రిప్టులు మీరే పంపి, తీరిగ్గా చదువుకోమన్నారు. చదివాను.

గూఢచారికి డ్రైవరుగా నేను వేసిన వేషం చూసి, బజారులో ఇప్పటికీ నన్ను నమ్మినబంటు అనే పిలుస్తారు. ఆఖరి స్క్రిప్టులో ఆ నమ్మినబంటే మొదటి రోజు నుంచీ శత్రువులకు రహస్యాలు చేరవేస్తున్నాడు.

షూటింగులో ప్రతి సీనులోనూ కూర్చునే ముందు తలుపు వైపు ఒకసారి చూడమనేవారు మీరు, గుర్తుందా? యజమానికి ఎవరు హాని తలపెడతారోనన్న బెంగ అనుకుని ప్రాణం పెట్టి చూశాను. వాడు చూసేది తన మనుషులు వచ్చారా అనట. నా చేత ద్రోహం చేయిస్తూ నాకే చెప్పలేదు. స్క్రిప్టులు పంపేటప్పుడైనా ఆ సంగతి మీకు గుర్తు రాలేదేమో.

మీ చెల్లెలికి చూపించాను. బీన్స్ తరుగుతున్న మనిషి తలెత్తకుండానే, "నాకు అప్పుడే తెలుసండీ. మీ మొహంలో ఏదీ దాగదని, చెప్పొద్దని అన్నయ్య ఒట్టు వేయించుకున్నాడు" అంది.

ఆ సీరియల్ ఎన్నిసార్లు వేసినా నా పక్కనే కూర్చుని చూసేది. నేను తలుపు వైపు చూసినప్పుడల్లా నవ్వేది. మురిపెం అనుకున్నాను.

మీ కథ మీ ఇష్టం, దాని మీద నాకు కోపం లేదు. నిన్న తను భోజనానికి పిలిచింది. కూర్చోబోతూ వంటింటి తలుపు వైపు ఒకసారి చూశాను. ఈసారి చూడమని మీరు చెప్పలేదు.

మీ చెల్లెలి భర్త