ఉల్లిగడ్డ అంటే ఎల్లిగడ్డ వచ్చింది

హుస్సేనీ ఆలం,
ఆదివారం పొద్దున.

మహేశ్వరికి,

ఇక్కడ నేను, సోనీ, నాలుగు బస్తాల ఎల్లిగడ్డ అందరం బాగున్నాం. అక్కడ నువ్వు, అత్తమ్మ, అత్తమ్మ విరిగిన కాలు కూడా బాగున్నారని అనుకుంటున్నాను.

ఫోన్ ఎత్తడం లేదని కోపంతో నువ్వు పోస్టులో పంపిన ఉత్తరం అందింది. పెళ్లయినప్పటి నుంచి నీ చేతి రాత ఇంత ఎప్పుడూ చూడలేదు. గుండ్రంగా ఉంది. తిట్లు కూడా గుండ్రంగానే ఉన్నాయి. నాది ఏడో తరగతిలో ఆగిపోయిన రాత, కోడి కెలికినట్టుంటుంది. ఓపిక చేసుకుని చదువు.

నువ్వు మొదట అడిగింది ఎల్లిగడ్డ గురించి. పక్కింటి రుక్మాబాయి నీ చెవిన వేసిందన్నమాట. జరిగింది ఇది. బండి మీద ఉల్లిగడ్డ అయిపోతే, మలక్‌పేట గంజ్ మార్కెట్ నుంచి మన సరుకు ట్రాలీలో తెచ్చే డానియేలుకు ఫోన్ చేశాను. నాలుగు బస్తాల ఉల్లిగడ్డ తెమ్మంటే, పుస్తకాల్లో వెల్లుల్లి అని రాస్తారే, ఆ ఎల్లిగడ్డ తెచ్చాడు. కొన్న సరుకు గంజ్‌లో వాపస్ తీసుకోరు. వాడి చెవుల సంగతి తర్వాత రాస్తాను.

ఉల్లిగడ్డ అయితే నాలుగు రోజుల్లో ఖాళీ అయ్యేది. ఎల్లిగడ్డ ఎవరైనా బస్తాలకు బస్తాలు కొంటారా? మొదట వంటింట్లో బస్తా మీద బస్తా పేర్చి, పైన ప్లాస్టిక్ కవరు కప్పాను. వాసన పట్టుకుని రుక్మాబాయి వచ్చింది.

"ఏందిర ఎల్లేష్, గాలి ఆడకుంట గిట్ల పేర్చినవ్? వానల దినాలు. వారం అయితే అన్నీ మొలకలొస్తయ్. నీ ఇంట్ల ఎల్లిగడ్డ ఉండదు, తోట ఉంటది."

"తోట మంచిదే కదా అక్కా, పొద్దున పూట నువ్వొచ్చి వాకింగ్ చెయ్యొచ్చు."

"నీ మూతి పాడుగాను!" అని తిట్టి, మళ్లీ తనే కూర్చుని గోనెపట్టాలు పరిపించింది. వానకు మిద్దె మీద ఆరబోసే వీలు లేదు. అందుకని ముందు అర్రలో నేల మీద, మంచం మీద, బీరువా మీద పలచగా పరిచి పంకా వేశాం. కాడలున్నవాటిని కట్టలు కట్టి నీ చీరలు ఆరేసే తాడుకు వేలాడదీశాం. దేవుని గూడు ఒక్కటి వదిలేశాను, అక్కడ పెడితే నువ్వు నన్ను కూడా తాడుకు కడతావు. రోజూ ఒకసారి చేత్తో తిరగేస్తాను. మెత్తబడ్డది కనపడితే తీసేయాలి, లేకపోతే పక్కదానికి తడి అంటుకుంటుంది. సోనీకి మాత్రం ఫికర్ లేదు. "బస్సుల నా పక్క సీట్ల ఎవ్వరు కూసుంటలేరు బాపు, హాయిగ పోతున్న" అంటుంది.

రెండోది, అక్కడే ఉండాలా, వచ్చేయాలా అని అడిగావు. ఉండు. అత్తమ్మను లేపి నడిపించడానికి నువ్వొక్కదానివే. ఆమె నన్ను పేరు పెట్టి తిట్టిందంటే కోలుకున్నట్టే, అప్పుడు బయలుదేరు.

మూడోది రాసేటప్పుడు నువ్వు పెన్ను గట్టిగా నొక్కావు, కాయితం వెనక చేతికి తగులుతోంది. "నేను మా అమ్మ దగ్గర ఉండిపోయిన్నని కోపమా? అందుకేనా నాతోని మాట్లాడుతలేవు?" అని రాశావు. దీనికి జవాబు రాయడానికే ఇన్ని రోజులు పట్టింది.

కోపం కాదు మహేశ్వరీ. నా మూతి వంకర పోయింది.

పక్షవాతం కాదు. ముందు ఆ మాట చదువుకుని ఊపిరి పీల్చుకో. దవాఖానలో చూపించుకున్నాను. మొహం నరానికి వాపు వచ్చిందన్నారు, గోలీలు ఇచ్చారు. మెల్లగా తగ్గుతుందట. పూర్తిగా తగ్గుతుందా అని అడిగితే "చూద్దాం" అన్నారు.

డానియేలు చెవులకు ఏమీ కాలేదు. ఆ పొద్దున మొహం కూడా కడగకుండా వాడికి ఫోన్ చేశాను. 'ఉ' అనాలంటే పెదవులు ముందుకొచ్చి గుండ్రంగా తిరగాలి. నావి తిరగలేదు. ఉల్లి అన్నాననుకున్నాను, వాడికి ఎల్లి అని వినబడింది. "ఎల్లిగడ్డనా అన్నా? నాలుగు బస్తాలా?" అని వాడు అడిగితే, "అదే రా, చెవుల దూది పెట్టుకున్నవా?" అని నేనే కసిరాను.

తర్వాత చాయ్ తాగబోతే ఒక పక్క నుంచి కారిపోయింది. సోనీ చూసి పడీ పడీ నవ్వింది. "బాపు, మస్తు చేస్తున్నవ్! ఇంకోసారి, ఇంకోసారి!" కాదు బిడ్డా అన్నాను. అది కూడా వంకరగానే వచ్చింది, ఇంకా నవ్వింది. బస్తాలు దించిన డానియేలు, "అన్నా, గీ యాక్టింగ్ చేస్తే సరుకు వాపస్ తీస్కపోతననుకున్నవా?" అని నవ్వుకుంటూ పోయాడు. వాళ్ల తప్పేముంది? ఈ గల్లీలో నేను వెక్కిరించని మూతి ఉందా?

అప్పుడు నేనొక పని చేశాను. నేను కూడా నవ్వాను. జోకే అన్నట్టు రెండు రోజులు బండి దగ్గర ఆ మూతితోనే గిరాకీలను నవ్వించాను. వాళ్లు నమ్మినంత సేపు నేనూ నమ్మాను.

మూడో రోజు మధ్యాహ్నం నేను పడుకున్నప్పుడు సోనీ చూసింది. ఒక కన్ను మూతపడలేదు. లేపి అడిగింది, "బాపు, నిద్రల కూడ జోక్ చేస్తరా?" అని. సోనీనే నన్ను దవాఖానకు తీసుకుపోయింది. ఆ రోజు నుంచి నేను ఏం చేసినా అది నవ్వడం లేదు.

నీకు చెప్తే అత్తమ్మను వదిలేసి బస్సెక్కుతావు, లేకపోతే నమ్మకుండా నవ్వుతావు. రెండిట్లో దేనికి ఎక్కువ భయపడ్డానో నాకే తెలియదు. అందుకే ఫోన్ మోగితే గోడవైపు తిరిగి కూర్చున్నాను, సోనీని కూడా ఎత్తొద్దన్నాను. నువ్వు దాన్ని కోపం అనుకుంటావని తట్టలేదు.

అద్దం ముందు నిలబడి పెదవులు కలిసే మాటలు పలకమని దవాఖానలో చెప్పారు. నేను నీ పేరు పట్టుకున్నాను. 'మ' దగ్గర ఒక మూల నుంచి గాలి పోతుంది. 'వ' అయితే అసలు దొరకదు. ఒకసారి నహేశరి అని వస్తుంది, ఒకసారి హేస్సరి అని వస్తుంది. నిన్న ఎవరో ముసలమ్మ పేరు వచ్చింది.

బుధవారం సాయంత్రం నేనే ఫోన్ చేస్తాను. నవ్వొస్తే నవ్వు. ఏ పేరు వచ్చినా అది నీదే. పలుకు.

ఇట్లు,
నీ మీద ఏ కోపమూ లేని నీ పెనిమిటి,
ఎల్లేష్