మోటారు ఆపే ముందు

బావగారికి నమస్కారాలు.

మీ ఎదుట ఏనాడూ తలెత్తి మాట్లాడినదాన్ని కాను. ఫోనులో అసలే మాట పెగలదని రాస్తున్నాను.

మీ తమ్ముడికి పక్షవాతం వచ్చి పన్నెండు రోజులైంది. ఇంకా ఆసుపత్రిలోనే ఉన్నారు, మాట రాలేదు. ఐసు ఫ్యాక్టరీ నేనే చూస్తున్నాను.

ఎండ ముదిరిన రోజున కరెంటు ఆఫీసు నుంచి పొద్దున్నే మెసేజ్ వస్తుంది. అలా వస్తే సాయంత్రం ఆరు నుంచి తొమ్మిది దాకా మోటార్లు ఆపుతామని ఆయన ఒప్పుకుని ఉన్నారు. నేనూ రెండుసార్లు ఆపాను. రెండుసార్లూ దిమ్మలు గట్టిపడలేదు. చేపలమ్మే అక్క అందరి ముందూ, "ఐసు అమ్ముతున్నావా తల్లీ, చన్నీళ్ళు అమ్ముతున్నావా?" అంది.

ఇక ఆపలేనని ఆఫీసుకు వెళ్ళి చెప్పాను. "మీలాంటివాళ్ళు పాతికమంది ఆపితేనేనమ్మా ఆ వేళకి అందరికీ కరెంటు సరిపోయేది" అన్నాడు గుమాస్తా. ఆసుపత్రిదీ మా లైనే. ఆయన మంచం పక్కన ఆక్సిజన్ మెషీను ఆ కరెంటుతోనే నడుస్తోంది.

మెసేజ్ వచ్చిన రోజున ఆయన అన్నానికి కూడా రాకుండా మధ్యాహ్నమంతా మోటార్ల దగ్గరే ఉండేవారు. ఆపే ముందు ఏదో చేసేవారు. అదేమిటో నేను అడగలేదు. ఫ్యాక్టరీ మీరిద్దరూ కలిసి పెట్టారు కాబట్టి మీకు తెలిసే ఉంటుంది. మీకూ ఆయనకూ మాటలు లేవని తెలుసు. నాకైనా రాయండి.

నిన్న ఆయన్నే అడిగాను. పెదవులు ఎంతసేపో కదిపారు. ఒక్క మాటా రాలేదు. కళ్ళనిండా నీళ్ళు పెట్టుకున్నారు. "సరే, అర్థమైంది" అని అబద్ధం చెప్పి వచ్చేశాను.

మీ మరదలు