మా తమ్ముడు ఏట్లో పోలేదు

పూర్వపు విశాఖపట్నం జిల్లా, ఇప్పటి అనకాపల్లి జిల్లా, చోడవరం కాపురస్థురాలిని, కీర్తిశేషులు శరగడం రామునాయుడు గారి భార్యను, డెబ్బై నాలుగేళ్ళ అచ్చియ్యమ్మను. ఒంట్లో షుగరు, మోకాళ్ళ నొప్పి ఉన్నాయి గాని బుద్ధిలో తికమక లేదు. ఒకరు బెదిరిస్తేనో, ఒకరు బతిమాలితేనో కాకుండా నా ఇష్టప్రకారం, నా చేత్తో రాసుకుంటున్న వీలునామా ఇది. దస్తావేజుల రైటరు గారు నాలుగు పేరాల్లో తేల్చి ఇచ్చారు. అందులో ఎవరికి ఏది అన్నది ఉంది, ఎందుకన్నది లేదు. "అయ్యన్నీ ఇందులో రాయకూడదమ్మా" అన్నారు. రాయకూడనివి దాచిపెట్టే ఇంతవరకు వచ్చాను. అందుకని ఆ కాగితం చింపేశాను.

1. ముందుగా ఒక ప్రకటన. నా తమ్ముడు దొడ్డి సత్యారావు 1969 శ్రావణంలో శారదా నదిలో కొట్టుకుపోయాడని మా నాన్నగారు గ్రామ మునసబు చేత రాయించినది అబద్ధం. శవం దొరకలేదని చెప్పి దర్భలతో బొమ్మ చేసి కాల్చారు. కె.కోటపాడు దగ్గర మా ఊళ్ళో పదో రోజు అందరికీ భోజనాలు పెట్టారు. ఆ భోజనాల వేళకు పద్నాలుగేళ్ళ సత్యం కుష్టురోగుల ఆశ్రమంలో మంచం మీద కూర్చుని, నాన్న మళ్ళీ ఎప్పుడొస్తాడా అని గేటు వైపు చూస్తున్నాడు. వాడు నిజంగా చనిపోయింది కిందటేడు ఆగస్టులో. వాడికి ఒక కూతురు, పేరు శాలోమి. నాకు సొంత మేనకోడలు. ఈ వీలునామాలో మిగతావన్నీ ఎలా ఉన్నా, ఆ పిల్లకు నేను ఏమవుతానో ఒప్పుకోవడమే దీని పని.

ఎందుకు చంపారంటే నా పెళ్ళి కోసం. సంబంధం కుదిరి ఉంది. తమ్ముడికి ఆ రోగమని తెలిస్తే పీటల మీదకు రానిచ్చేవారు కాదు. నాకు తెలియక జరిగిందని ఎవరూ సర్దిచెప్పవద్దు. రెండో రోజే అమ్మ నాకు చెప్పింది. పద్దెనిమిదేళ్ళ దాన్ని, నోరు మూసుకుని పసుపు రాయించుకున్నాను.

ఇంకొకటి కూడా నా మీదే ఉంది. అంతకు ముందు ఏడాది బెల్లం వండే దగ్గర కాగిన పాకం వాడి ఎడమ చేతి మీద చిందింది. బొబ్బలెక్కినా వాడు ఏడవలేదు. స్పర్శ పోయిందని మాకెవరికీ తట్టలేదు. మగాడంటే వీడు అని మెచ్చుకున్నాం. వాడు కూడా సంబరపడి, నలుగురూ చూస్తుంటే వేడి గరిటె పట్టుకునేవాడు. పట్టుకున్నప్పుడల్లా బహుమతిగా నేను బెల్లం ముక్క పెట్టేదాన్ని. ఏడాది పాటు అలా ఆడుకున్నాం. అప్పుడే డాక్టరుకు చూపించి ఉంటే వాడి వేళ్ళు మిగిలేవేమో.

2. మా నాన్నగారి తదనంతరం, ఒక్కగానొక్క వారసురాలినని నేను రాయించుకున్న రెండెకరాల ఇరవై సెంట్ల చెరుకు భూమిని, బోరుతో సహా, సర్వహక్కులతో శాలోమికి ఇస్తున్నాను. సగం కాదు, మొత్తం. సగం ఎలాగూ వాళ్ళ నాన్నది. మిగతా సగం నేను ఇన్నేళ్ళు పండించుకు తిన్నది. నా తదనంతరం ఆమె దాన్ని దున్నుకున్నా, అమ్ముకున్నా, బీడు పెట్టుకున్నా అడిగే హక్కు నా సంతానానికి లేదు.

3. చోడవరంలో నేను ఉంటున్న డాబా ఇల్లు నా కుమారుడు గౌరీశంకర్‌కు చెందుతుంది. ఈ సంగతి విన్నప్పుడు వాడు అన్న మాట ఇక్కడ రాస్తున్నాను: "ఇన్నాళ్ళూ లేని మావయ్య ఇప్పుడెక్కడ్నుంచి ఊడిపడ్డాడే? రేపు ప్రవల్లికకి సంబంధాలొస్తే ఏటి సెప్పమంటావు?" బాబూ, సరిగ్గా ఆ మాటే యాభై ఆరేళ్ళ కిందట మీ తాతయ్య అన్నాడు. మందు వేసుకుంటే పోయే రోగానికి మనిషిని ఏట్లో వెయ్యక్కర్లేదని సంబంధం వాళ్ళకు చెప్పు. వాళ్ళు లేచిపోతే పోనీ. రెండో క్లాజు మీద నువ్వు కోర్టుకెక్కితే ఈ ఇల్లు కూడా శాలోమికే పోతుంది. బెదిరింపే. నీ మీద ప్రేమ లేక కాదు.

4. మా ఆడపడుచు మంగాయమ్మకు ఏమీ ఇవ్వడం లేదు. మంగళస్నానం పేరుతో నా వీపంతా మచ్చల కోసం వెతికిన మనిషి. ఊళ్ళో ఏదో గుసగుస ఆమె చెవిన పడింది. ఏమీ దొరకలేదు. చాలా కాలం ఆమె మీద కోపం ఉండేది. ఇప్పుడు అనిపిస్తుంది, ఏదైనా దొరికి ఉంటే బాగుండేదని. వాడికి తోడుగా నేనూ ఆ గేటు లోపల ఉండేదాన్ని.

5. బీరువా పైనున్న శాలువా, "సేవామూర్తి" అని రాసిన షీల్డు ఎవరికీ ఇవ్వవద్దు. శాలువా దుప్పటిగా పనికొస్తే ఎవరైనా వాడుకోవచ్చు. షీల్డు పాత సామాన్లవాడికి వెయ్యండి. అవి ఎలా వచ్చాయో చెబుతాను.

మా వైపు పెద్దల పండగకు చనిపోయినవాళ్ళ పేరున కొత్త బట్టలు పెడతారు, తర్వాత ఇంట్లోవాళ్ళు కట్టుకుంటారు. అమ్మ సత్యం పేరున ఏటా పంచె, తువ్వాలు పెట్టేది. నాలుగేళ్ళు పెట్టెలో దాచి, 1973లో ఆ మూట నా చేతిలో పెట్టింది. "ఇయి ఆడికి ఇచ్చీయే. ఇక్కడ కట్టుకోడానికి ఎవులికీ సెయ్యి రావట్లేదు" అంది. తీసుకెళ్ళాను. గేటు దగ్గర విజిటర్ల పుస్తకంలో "రోగికి ఏమవుతారు" అని ఒక గడి ఉంది. దాత అని రాశాను. అబద్ధం ఆడాక దానికి తగ్గట్టు నడుచుకోవాలి కదా. నలభై మందికి రొట్టెలు కొని పట్టుకెళ్ళాను. అప్పటి నుంచి ఒక్కణ్ణి చూడడానికి నలభై మందికి పంచాను. అందరూ నన్ను రొట్టెలమ్మగారు అన్నారు, సభ పెట్టి ఆ శాలువా కప్పి షీల్డు ఇచ్చారు. గోవాడ చక్కెర ఫ్యాక్టరీలో పని చేసే మా ఆయన కూడా, పుణ్యం చేసుకుంటోందని మురిసిపోయి బస్సు ఎక్కించేవారు. ఆయనకు కూడా చెప్పలేదు.

సత్యం వరుసలో చివర నిలబడేవాడు. నలుగురిలో నన్ను "అమ్మగారూ" అని పిలిచి, వంగి రొట్టె తీసుకునేవాడు. అందరూ వెళ్ళాక కుళాయి దగ్గర గొంతు తగ్గించి, మా వైపు అక్కను పిలిచినట్టు "అప్పా" అనేవాడు. కొత్త పంచె చూసి నవ్వేవాడు. "సచ్చిపోయి బాగుపడ్డానే అప్పా. బతికున్నప్పుడు ఏటా కొత్త పంచె ఎవులెట్టేరు నాకు?" అనేవాడు. నేనూ నవ్వేదాన్ని. బస్సులో ఏడ్చేదాన్ని.

1986లో వాడికి పూర్తిగా నయమైంది. డాక్టరు గారు కాగితం మీద రాసి ఇచ్చారు. ఆ కాగితం జేబులో పెట్టుకుని, అమ్మ పెట్టిన పంచె కట్టుకుని మా ఇంటికి వచ్చాడు. మిట్టమధ్యాహ్నం. గుమ్మంలో గౌరీశంకర్ ఉన్నాడు, పన్నెండేళ్ళవాడు. "ఎవులమ్మా?" అని అడిగాడు. వీధిలో మంగాయమ్మ ఉంది. నేను లోపలికి వెళ్ళి సోలెడు బియ్యం తెచ్చాను. సత్యం నా ముఖం చూశాడు. చూసి, భుజం మీది తువ్వాలు తీసి పరిచాడు. పోశాను. "సల్లగుండండమ్మగారూ" అని మూట కట్టుకుని వెళ్ళిపోయాడు. జేబులో కాగితం తీయనే లేదు. మళ్ళీ ఎప్పుడూ నా గుమ్మం తొక్కలేదు. ఆశ్రమంలోనే చెప్పులు కుట్టడం నేర్చుకుని, అక్కడి నరసమ్మనే పెళ్ళి చేసుకున్నాడు. నేను మళ్ళీ రొట్టెలు పట్టుకుని వెళితే, ఏమీ జరగనట్టే వరుస చివర నిలబడ్డాడు.

గౌరీశంకర్, ఆ రోజు నీకు గుర్తుందో లేదో. ఆ వచ్చినవాడు నీ మేనమామ.

చెప్పడానికి తర్వాత వీలు లేక కాదు. మొదట అత్తవారి భయం, తర్వాత నీ పెళ్ళి, అదీ అయ్యాక అలవాటు. ఈ చివరిదానికి క్షమాపణ అడగడానికి కూడా ముఖం లేదు.

6. నా మనవరాలు ప్రవల్లికకు నా చెవి దుద్దులు, కుట్టు మిషను. ఎవరైనా నిన్ను చేసుకోవడానికి ఇంట్లో ఒక మనిషిని దాచమంటే, వాడికి కాఫీ ఇచ్చి పంపించెయ్యి అమ్మా.

7. బ్యాంకులో ఉన్నది నా ఖర్చులు పోగా ఆశ్రమంలో రొట్టెలకు వాడాలి. వంటమనిషి సన్యాసమ్మ వెన్న రాసినవి అయితే బాగుంటాయని ఎప్పటినుంచో అంటోంది. వెన్న రాసినవే ఇవ్వండి. ఫొటోలు తీయవద్దు. దాత పేరు చెప్పవద్దు.

8. ఈ వీలునామా అమలు చేయడానికి ఆశ్రమం మేనేజరు శ్యామ్ సుందర్ గారిని నియమిస్తున్నాను. ఆయన మొదట ఒప్పుకోలేదు. "మీరు పోయేక సెప్తే అది ఆ అమ్మాయికి సెప్పినట్టు కాదండి. ముందు మీ నోటితో సెప్పండి" అన్నారు. సత్యాన్ని పూడ్చిన రోజు నేను పూలదండతో దాతలాగే నిలబడ్డాను. శాలోమి నా రెండు చేతులూ కళ్ళకద్దుకుని, "నాన్నకి నా అన్నోళ్ళు ఎవులూ లేరండి, మీరొక్కరే వచ్చేరు" అంది. అప్పుడు కూడా దండ వేసి వచ్చేశాను. అందుకే ఆయన మాటకు ఒప్పుకున్నాను.

నిన్నగాక మొన్న శనివారం వెళ్ళి చెప్పాను. శాలోమి అక్కడే నర్సు. ఒక ముసలాయన కాలి పుండుకు కట్టు కడుతోంది. కట్టు పూర్తయ్యేదాకా ఆగి, ఏరు, దర్భబొమ్మ, బియ్యం, భూమి అన్నీ చెప్పాను. తిడుతుందనుకున్నాను, ఏడుస్తుందనుకున్నాను. ఆమె నా కాళ్ళ దగ్గరో, నేను ఆమె కాళ్ళ దగ్గరో పడతామని కూడా అనుకున్నాను. ఆ పిల్ల చేతులు కడుక్కుని వచ్చి నా ఎదురుగా కూర్చుంది. భూమి ఊసే ఎత్తలేదు. ఒక్కటే అడిగింది.

"సమాధి రాయి మీద నాన్న పోయిన తేదీ ఒకటే ఉందండి. పుట్టిన తేదీ కాడ ఖాళీ వొదిలేసేం. నాన్నకి తెలీదు. మీకు తెలుసాండి?"

వాడు పుట్టినప్పుడు నాకు నాలుగేళ్ళు. నన్ను అరుగు మీద కూర్చోబెట్టారు. లోపల అమ్మ అరుస్తుంటే భయపడ్డాను. తర్వాత ఎవరో తమ్ముడు పుట్టాడని చెప్పి ఎత్తుకుని చూపించారు. ఎండాకాలమో వానాకాలమో గుర్తు లేదు. బడిలో మాస్టారు రాసిన జులై ఒకటి అందరికీ రాసిందే. పంచాయతీలో పాత పుట్టుకల రిజిస్టరు చెదలు తినేసిందన్నారు. వాణ్ణి మేము చంపిన రోజు మాత్రం తిథి, వారం, నక్షత్రంతో సహా చెప్పగలను. వాడు పుట్టిన రోజు చూసినవాళ్ళలో ఇంకా బతికి ఉన్నది నేనొక్కదాన్నే.

తెలియదమ్మా అని చెప్పాను.

చోడవరం, 2025 నవంబరు 17, సోమవారం.

(సంతకం) శరగడం అచ్చియ్యమ్మ
దొడ్డి సత్యారావు అక్క

ఆమె మా ఎదుట చదివి వినిపించి, మా ఎదుటే సంతకం చేసినందుకు సాక్షులం:
1. జెఫ్రీ, ఆశ్రమం చెప్పుల షాపు (సంతకం)
2. సన్యాసమ్మ, ఆశ్రమం వంటమనిషి (ఎడమ బొటనవేలి ముద్ర)